పుల్ల కొలత

ముప్పై రెండేండ్లు వచ్చేదాంక నేను కాలికి ఏమీ తొడగలే. గొప్పకు చెప్తలేను, కష్టం చెప్పుకుంటలేను. మా వాడల ఆడోళ్లెవరూ తొడగకపోయేది, అంతే. మొగోళ్లకు టైరు చెప్పులుండేవి. ఎండకాలం ఎర్రరాయి నేల పెనం లెక్క కాలుతుంటే ఆడోళ్లు నాలుగు మోదుగాకులు అరికాలికి పెట్టి తీగతోని కట్టుకునేటోళ్లు. చేను దాటినంక ఇప్పి పారేసేటోళ్లు. కాలంటే అట్లనే ఉంటదనుకున్న. వెడల్పుగ, గట్టిగ, వేళ్లు దేనికది ఎడంగ, మడమ పగిలి.

ఇప్పుడు పట్నంల అడుగు పల్చగ, ముందు వెడల్పుగ ఉండే బూట్లు కావాలని అడిగి మరీ కొంటున్నరట. కొననియ్యి. నా కాలికి అసొంటివి ఎట్ల వచ్చినయో రాస్తున్న. అక్షరాలు నాకు నలభై దాటినంక వచ్చినయి. అందుకని మాట తిప్పి రాసుడు రాదు, ఉన్నది ఉన్నట్టు రాస్త.

డెబ్బైల చివర్ల నాకు దవాఖాన్ల ఆయా పని దొరికింది. జహీరాబాద్ నుంచి కోహీర్ దిక్కు పోయే తొవ్వల ఒక ఊరు, అండ్ల చిన్న సర్కారు దవాఖాన. ఊరి పేరు వద్దు. నాలుగు మంచాలు, ఒక కాన్పు గది, ఒక సిస్టరమ్మ. పాత ఆయా మోకాళ్లు పోయి ఇంటికి పోతే ఆమె జాగల నన్ను పెట్టుకున్నరు. ఏడాది చూస్తం, డాక్టరు రిపోర్టు మంచిగ రాస్తే పర్మినెంటు అన్నరు. మా ఆయన కూలికి పోతడు. పని దొరికిన దినం దొరికినట్టు, లేని దినం లేనట్టు. నెల నెలా జీతమనే మాట మా ఇంట్ల అంతకుముందు ఎవరూ అనలే. అందుకని ఆ రిపోర్టు కాగితం రాకముందే మా ఇంట్ల ఒక మనిషి లెక్క తిరిగేది. మా ఆయన దాని గురించే అడుగుతడు, నేను దాని గురించే చెప్త.

పని నాకు కొత్త కాదు. మా అమ్మ పదూర్లల్ల కాన్పులు చేసింది, నేను ఆమె ఎనక తిరిగిన. నొప్పులు పడేదాన్ని పట్టుకునుడు, నీళ్లు కాగబెట్టుడు, పడ్డ బిడ్డను అందుకొని తుడిచి గుడ్డల చుట్టుడు, అన్నీ కింద గొంతుక్కూసొని చేసేటియే. బిడ్డను రెండు చేతులతోని పట్టుకొని, నేల తాకకుంట, గోడ పట్టకుంట లేస్త. లేపేది కాలివేళ్లే. ఆ సంగతి నాకు అప్పుడు తెల్వది. ఉన్నన్ని దినాలు ఎవరికి తెలుస్తది?

కొత్తగ వచ్చిన డాక్టరమ్మ గుంటూరు దిక్కు మనిషి. మాట కరుకు, చెయ్యి మెత్తన. వచ్చిన మొదటి దినం ఆమె నా మొకం చూడలే, కాళ్లు చూసింది.

"చెప్పులేవి?"

"లేవమ్మా."

"మర్చిపోయి వచ్చావా?"

"మర్చిపోతందుకు ఉంటే గద."

ఆమె నవ్వలే. "ఈ గదిలో గాజు పెంకులుంటాయి, సూదులుంటాయి, రక్తం ఉంటుంది. రేపటి నుంచి కాలంతా మూసే బూట్లు లేకుండా ఈ గడప దాటకు."

ఆమె చెప్పింది తప్పు కాదు. అప్పుడూ తప్పనలే, ఇప్పుడూ అనను.

మా దిక్కు ఆడదానికి చెప్పులు కొనాల్నంటే ఆడది దుకాణానికి పోదు. అమ్మేది మొగోడు, కుట్టేది మొగోడు. పరాయి మొగోని ముంగట చీర జరిపి కాలు చాపుడంటే ఇజ్జత్ తక్కువ. అందుకని ఇంటాయన ఒక పుల్ల తీసుకొని, మడమ కాడి నుంచి బొటనవేలు కొస దాంక పెట్టి విరుస్తడు. ఆ పుల్ల జేబుల పెట్టుకొని బజారుకు పోతడు. దుకాణపాయన పుల్లను చెప్పు మీద పెట్టి చూస్తడు, సరిపోతే కట్టిస్తడు. పెండ్లికూతురు చెప్పులు గూడ అట్లనే వస్తయి.

మా ఆయన కందిపుల్ల తెచ్చిండు. నన్ను గడప మీద నిలబెట్టి కింద కూసున్నడు.

"కదలకే. కదిలితే పుల్ల తప్పుతది."

"కదుల్తలేను. నీ మీసం గుచ్చుతున్నది."

"నీ కాలు నా కాలంత ఉన్నదేందే?"

"చిన్నగ ఉంటే నిన్ను మోసేదెట్ల?"

ఆయన మొదటి పుల్ల పారేసి రెండోది విరిచిండు. జర ఎక్కువైందట. అంత కాయిషుతోని, ప్రేమతోని కొలిచిండు. మర్నాడు జహీరాబాద్ బజారుకు పోయి నల్లటి బూట్లు తెచ్చిండు. ముంగట సన్నగ, ఎనక మడమ కింద రెండు వేళ్ల ఎత్తు, అడుగు చెక్క లెక్క. తొవ్వ పొడుగున తువ్వాలతోని తుడుసుకుంట వచ్చినట్టున్నడు, మెరుస్తున్నయి.

"పుల్ల పెట్టి చూసిన. ఎంటికంత గూడ తేడా లేదు" అన్నడు.

నిజమే, లేదు.

తొడిగిన. వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినయి. కొత్తయి గద, వారం దినాలల్ల సాగుతయి అన్నడు. సాగలే. నా వేళ్లే ముడుసుకున్నయి. తప్పు నా కాలుదే అనుకున్న. ఇన్నేండ్లు ఇడిసిపెట్టిన కాలు, ఊకె తిరిగి మోటగైంది, ఇప్పుడు బూట్ల పడుతలేదు అనుకున్న. బూటుదీ తప్పుండొచ్చని నాకు తోచనే లేదు. దుకాణంల కొన్నది, మెరుస్తున్నది, దానికేం తప్పుంటది?

వాడల నడుస్తుంటే టక్కుటక్కు మని సప్పుడు. మూల మీద కూసునే ముసలమ్మ ఒకామె అడిగింది, "ఏమే, గుర్రానికి కొట్టినట్టు నీకు నాలలు కొట్టిచ్చిండా నీ మొగడు?" సిస్టరమ్మ గూడ నవ్వేది. "నీ అడుగుల చప్పుడు విని డాక్టరమ్మేమో అని లేచి నిలబడుతున్నా ఆయా." నేను గూడ నవ్విన. మొదటి నెల నవ్విన.

తర్వాత నవ్వు రాలే. మడమ ఎత్తు మీదుంటే మనిషి ముంగటికి ఒరుగుతది. దాన్ని ఆపుతందుకు నడుము ఎనకకు పడుతది. పొద్దంత అట్ల నిలబడితే పొద్దుగూకేసరికి మోకాళ్లల్ల మంట. కింద కూసుంటే లేవరాదు, గోడ పట్టుకోవాలె. ఊర్లకు సూదుల పెట్టె మోసుకపోతే ఊరు దాటంగనే బూట్లు ఇప్పి సంకల పెట్టుకునేదాన్ని, దవాఖాన కనబడంగనే మళ్ల తొడిగేదాన్ని. ఇట్ల ఏడు నెలలు. బొటనవేలి గోరు నల్లగై ఊడింది. పాత ఆయాకు మోకాళ్లు ఎట్ల పోయినయో అని మనసుల బుగులు పట్టింది. ఆమెకైతే అరవై దాటినయి, నాకు ఇంక ముప్పై మూడు.

ఒక దినం మధ్యాహ్నం కాన్పు గదిల నేల కడిగి ఉంది. కాగిన నీళ్ల తపాల పట్టుకొని గడప దాటిన. బూటు అడుగు తడి మీద జర్రున జారింది. నేను ఒక దిక్కు, తపాల ఒక దిక్కు. మంచం మీదామె కాలికి చెయ్యంత దూరంల పడ్డయి నీళ్లు. ఎవరికీ కాలలే. నా మోచెయ్యి కొట్టుకపోయింది, గది మొత్తం పొగ.

డాక్టరమ్మ పని ఆపలే. అంతా అయినంక చేతులు కడుక్కుంట అన్నది, "నీ చేతిలో తపేలా కాకుండా బిడ్డ ఉంటే?"

నేను కింద కూసొని గుడ్డతోని నీళ్లు ఒత్తుతున్న.

"ఇంకోసారి పడితే నేను రిపోర్టు రాయను. కోపంతో చెప్పడం లేదు. నువ్వు నిలబడగలవని నమ్మకం లేకుండా నీ చేతికి బిడ్డను ఎలా ఇవ్వను?"

ఆ దినం నుంచి బిడ్డ నా చేతికి రాలే. డాక్టరమ్మ నన్ను దాటిచ్చి సిస్టరమ్మకు అందిచ్చేది. సిస్టరమ్మ ఒక్క చేతితోని సూది ఎక్కిచ్చుకుంట, ఇంకో చేతితోని బిడ్డను పట్టుకుంట తిప్పలు పడేది గాని, నా దిక్కు చూడకపోయేది. నేను గుడ్డలు ఉతికేది, నేల తుడిసేది. జీతం ఎప్పటిదే. కాని అమ్మ ఎనక తిరిగిన ఇన్నేండ్లల్ల నా చేతిల నుంచి ఒక్క బిడ్డ జారలే. ఆ మాట ఎవరికి చెప్పాలె? బూట్లేసుకున్న మనిషి పడ్డది, అందరు చూసిన్రు.

దాని తర్వాత నేను చేసింది బుద్ధి తక్కువ పని. గడప దాటేదాంక బూట్లు తొడుగుడు, లోపలికి పోయినంక తలుపు ఎనక ఇప్పి పెట్టుడు, చీర కుచ్చిళ్లు కిందికి జారిచ్చుడు. పది దినాలు ఎవరికీ తెల్వలే. పదకొండో దినం సూదిమందు సీసా మూతి పెంకు ఒకటి మడమల దిగింది. రక్తం నేల మీద గుర్తులు పెట్టింది.

డాక్టరమ్మ తిడుతదనుకున్న. స్టూలు మీద కూసోబెట్టి, పెంకు పీకే చిమట తీసుకొని, తనే నా కాలు ఒళ్ల పెట్టుకున్నది. నాకు సిగ్గైతున్నది. పెంకు తీసినంక కాలు ఇడవలే. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఊడిన గోరు చూసింది, చిటికెనవేలి పక్కకు లేసిన కాయ చూసింది.

"ఈ బూట్లకు కొలత ఎవరు తీసుకున్నారు?"

"మా ఆయన."

"దేంతో?"

"పుల్లతోని."

"పుల్లా?"

చెప్పిన. మడమ నుంచి బొటనవేలు దాంక పెట్టి విరుస్తరమ్మా అని. ఆమె నా కాలు కిందపెట్టి లేసి చేతులు కడుక్కున్నది. తర్వాత, "కాలికేదో ఒకటి ఉండాల్సిందే. అది జారకూడదు, ఫినాయిల్ నీళ్లతో కడిగితే పాడవకూడదు. ఎలాంటిదో నువ్వే చూసుకో. వచ్చే నెలాఖరుకు నేను కాగితం పంపాలి" అన్నది.

ఇంటికి పోయి మా ఆయనకు చెప్పిన. ఇద్దరం పోదాం, నేను గూడ వస్త అన్న. ఆయన చాలసేపు బీడీ తాగిండు.

"నువ్వొచ్చి ఏం చేస్తవు?"

"కాలు నాది గద."

జహీరాబాద్‌ల బొంబాయి రోడ్డు పొంటి, లారీలు ఆగే కాడ, పంచర్ దుకాణం పక్కకు ఒక ముసలాయన చెప్పులు కుట్టేటోడు. ఎనక ఆయన ముసలమ్మ కూసొని దారానికి మైనం రాసేది. మా ఆయన పోంగనే జేబుల నుంచి పుల్ల తీసిండు. అదే కందిపుల్ల. చూరుల చెక్కి ఇన్ని నెలలు దాసిండు. నాకు తెల్వది.

"పుల్ల వద్దు" అన్న నేను.

ముసలాయన నా దిక్కు చూడకుంట మా ఆయన్ని అడిగిండు, "ఏమంటున్నదయ్యా?"

"కాలు చూసి కుట్టుమంటున్నది."

"ఆడమనిషి కాలు నేను పట్టి చూస్తనా? నలభై ఏండ్ల సంది పుల్ల మీదనే కుడుతున్న. ఏ ఇంటామె వచ్చి తప్పన్నది?"

"వస్తే గద అనేతందుకు" అన్నది ఎనక నుంచి ముసలమ్మ. దారం పక్కకు పెట్టి లేసింది. మూల నుంచి ఒక ఉర్దూ పేపరు తీసి నేల మీద పరిచింది, పొయ్యి బొగ్గు ఒకటి నా చేతికిచ్చింది. "నిలబడు బిడ్డా. నీ కాలు చుట్టు నువ్వే గీసుకో. ఎవరూ పట్టుకునేది లేదు, చూసేది లేదు. ఓ ముసలోడా, అటు తిరుగు."

ముసలాయన అటు తిరిగిండు. మా ఆయన గూడ ఎందుకో అటే తిరిగిండు.

పేపరు మీద నిలబడ్డ. వంగి బొగ్గుతోని గీసుకుంట వచ్చిన, మడమ చుట్టు, పక్కపొంటి, ఒక్కొక్క వేలు చుట్టు. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. నా చేతితోని కాగితం మీద గీసిన మొదటి గీత అదే. వంకరటింకరగ వచ్చింది, కాని నా కాలే.

పక్కకు జరిగినంక ముసలమ్మ ఆ గీత మీద మా ఆయన పుల్ల పెట్టింది. మడమ నుంచి బొటనవేలు కొస దాంక అచ్చంగ అతికింది. మా ఆయన తల ఊపిండు. తర్వాత ఆమె మేం తెచ్చిన సంచిల నుంచి నా నల్ల బూటు తీసి గీత మీద బోర్లిచ్చింది. మడమ కాడ సరిపోయింది, పొడుగు సరిపోయింది. వేళ్ల కాడ ఇటు వేలెడు, అటు వేలెడు నా కాలు బయట ఉన్నది. చిటికెనవేలైతే మొత్తం బూటు అవతలనే పడ్డది.

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది.

"పుల్ల నేను సరిగనే విరిచిన" అన్నడు మా ఆయన మెల్లగ.

"సరిగనే విరిచినవయ్యా. పుల్లకు వెడల్పు ఏడుంటది?" అన్నది ముసలమ్మ.

ఆయన పుల్లను మళ్ల జేబుల పెట్టుకున్నడు. ఆయనకు నొచ్చిందని నాకు సమజైంది. నాకు మాత్రం నెత్తి మీద నుంచి గంప దిగినట్టైంది. ఏడు నెలల సంది నా కాలును నేనే తిట్టుకుంటున్న. ఆ పుల్ల అబద్ధం చెప్పలే, సగమే చెప్పింది. మిగిలిన సగం అడిగేతందుకు ఏ ఆడదీ దుకాణం దాంక పోలే.

ఏం కావాల్నో చెప్పిన. మడమ కింద ఎత్తు వద్దు. అడుగు పల్చగ ఉండాలె, కాలు వంగితే వంగాలె. వేళ్లు పేపరు మీద ఎట్లున్నయో అట్లనే లోపల ఉండాలె. జారొద్దు, నీళ్లకు చెడొద్దు. ముసలాయన పంచర్ దుకాణం దిక్కు చూసిండు. "లారీ ట్యూబు అడుగేస్తే జారదు. ముల్లు దిగకుంట నడుమ ఒక పల్చటి తోలు. మీద కాన్వాసు గుడ్డ. కాని గట్ల కుడితే అది చెప్పు గాదు, పేలిక. ఎవరు కుట్టిన్రంటే నా పేరు చెప్తవు. ముంగట చాట లెక్క ఉంటది, చూసినోళ్లు నవ్వుతరు."

"కుట్టియ్యవయ్యా. తొడుక్కునేది నువ్వా?" అన్నది ముసలమ్మ.

కుట్టిచ్చిండు. చాట లెక్కనే ఉన్నయి. మా ఆయన వాటిని తుడువలే.

తొడుక్కోంగనే అంతా మంచిగైందని రాస్తే అబద్ధం. ఏడు నెలల్ల కాలు మరిచిపోయింది. మడమ ఎత్తుకు అలవాటుపడ్డ పిక్కలు కిందికి దిగనంటే దిగనన్నయి. మూడో దినం పిక్క రాయి లెక్క పట్టి మంచం దిగలే. సిస్టరమ్మ వచ్చి పిసికి, "పొద్దుటి పూట వేసుకో, మధ్యాహ్నం ఊరికే కూర్చుని చేసే పని చూసుకో, మెల్లగా పెంచు" అన్నది. అట్లనే చేసిన. ఒక్కొక్క వారానికి ఒక్కొక్క జాము పెంచిన. వేళ్లు ఒకదాన్ని ఒకటి ఇడిసిపెట్టేటందుకు నెల పట్టింది. వాడల నాకు కొత్త పేరు పడ్డది. నాలల మాటన్న మూల మీది ముసలమ్మే పెట్టింది. "జరుగుండ్రి, లారీ ఆయా వస్తున్నది" అని. పెట్టనియ్యి.

ఒకటి మాత్రం చెప్పాలె. నేల మళ్ల తెలుస్తున్నది. ఒట్టి కాలుకు తెలిసినంత కాదు, కాని గచ్చు సల్లగుందా, తడి ఉన్నదా, కింద రాయి కదులుతదా, అడుగు పూర్తిగ వెయ్యకముందే తెలుస్తున్నది. నల్ల బూట్లల్ల ఉన్నన్ని దినాలు నేను కండ్లతోని నడిచిన. కింద చూసుకుంట, మెడ వంచుకొని. ఇప్పుడు మెడ లేపిన. కండ్లు మంచం మీదామె దిక్కు పెట్టొచ్చు, కాళ్ల పని కాళ్లు చూసుకుంటయి.

డాక్టరమ్మ కొత్త బూట్లు చూసింది. వంగి వేలుతోని అడుగు నొక్కింది. "కడిగావా ఫినాయిల్‌తో?" అన్నది. కడిగిన అన్న. అంతే. బిడ్డ మాత్రం నా చేతికి రాలే. నెలాఖరుకు ఇంక ఎనిమిది దినాలే ఉన్నయి.

రాయికోడ్ దిక్కు నుంచి ఒక పిల్ల బండి మీద వచ్చింది. తొలి కాన్పు. వానకాలం, పొద్దున పూట. నొప్పులల్ల కాలు ఇసిరితే పక్క పీట మీది తపాల పడి గది మొత్తం నీళ్లైనయి. తుడిసేతందుకు జాగ లేదు, టైము లేదు. బిడ్డ పడ్డది, ఏడుస్తలేదు. తల్లికి రక్తం ఆగుతలేదు. సిస్టరమ్మ రెండు చేతులు తల్లి కాడనే. నేను మంచం పక్కకు నేల మీద గొంతుక్కూసొని తల్లి కాళ్లు పట్టుకొని ఉన్న.

డాక్టరమ్మ బిడ్డను పట్టుకొని ఇటు చూసింది, అటు చూసింది. తర్వాత నా కాళ్లు చూసింది, వచ్చిన మొదటి దినం చూసినట్టే.

"పట్టుకో. ఆ బల్ల దగ్గరికి."

రెండు చేతులల్ల తీసుకున్న. గోడ పట్టకుంట లేసిన. వేళ్లు నేలను పట్టుకున్నయి. ఎట్ల పట్టుకున్నయో నాకు ఇప్పటికీ గుర్తున్నది, అయిదుకు అయిదు, దేనికది. బల్ల దాంక ఆరడుగులుంటది, మొత్తం నీళ్లే. ట్యూబు అడుగు కింద తడి తెలిసింది, తడి కింద గచ్చు తెలిసింది. ఎన్నడూ జారని మనిషి లెక్క నడిచిన. బల్ల మీద పండబెట్టి, నోట్లది తీసి, వీపు రాసి, అరికాలు గిల్లిన. గింతంత అరికాలు, వేళ్లన్ని ఇప్పుకొని ఉన్నయి. మూడోసారి గిల్లితే ఏడ్చింది.

ఎనక నుంచి డాక్టరమ్మ, "బతికింది" అన్నది. బిడ్డ గురించే అన్నది.

నెలాఖరుకు కాగితం పోయింది. ఎండకాలంల ఆర్డరు వచ్చింది. డాక్టరమ్మ పిలిచి చదివి వినిపిచ్చింది, అప్పుడు వేలిముద్రే వేసిన. వేస్తుంటే అడిగింది, "ఆ బూట్లు బాగున్నాయా?"

"ఉన్నయో లేవో తెలుస్తలేదమ్మా" అన్న.

మొదటిసారి నవ్వింది.

ఇంటికి పోయి మా ఆయనకు ఆర్డరు చూపిచ్చిన. ఇద్దరికీ చదువరాదు, అయినా చెరి ఒక కొస పట్టుకొని చూసినం. మడిచి చూరుల చెక్కపోతే చెయ్యికి పుల్ల తాకింది. బజారు నుంచి వచ్చినంక ఆయన దాన్ని మళ్ల అక్కడనే పెట్టినట్టున్నడు. నేను తీసి పారేయబోతే, "ఉండనియ్యి, పొడుగు సరిగనే ఉన్నది" అన్నడు.

కొంచెంసేపైనంక బయటికి పోయి ఎవరింట్లనుంచో పాత పేపరు అడుక్కొచ్చిండు. నేల మీద పరిచి, తన టైరు చెప్పులు ఇప్పి, దాని మీద నిలబడ్డడు. నేను పొయ్యిల నుంచి సల్లారిన బొగ్గు తీసుకొని ఆయన కాళ్ల కాడ గొంతుక్కూసున్న.

"కదలకు" అన్న.